కొనేవాడు రాకముందే వేసిన పంట
మత్తులేని గంజాయిని నమ్ముకున్న కెంటకీ రైతుకు చివరికి మిగిలిందేమిటి?

అమెరికాలోని కెంటకీ పల్లెల్లో నల్లరంగు పూసిన ఎత్తైన చెక్క కొట్టాలు కనిపిస్తాయి. అవి పొగాకు బ్యారన్లు. మన ప్రకాశం జిల్లాలోలా పొయ్యి పెట్టి కాల్చే రకం కాదు. పలకల సందుల్లోంచి వచ్చే గాలికే బర్లీ ఆకు ఆరుతుంది. 2004లో ప్రభుత్వం పొగాకు కోటాలు ఎత్తేసి రైతులకు పరిహారం చెల్లించాక చాలామంది ఆ పంట మానేశారు, కొట్టాలు ఖాళీ అయ్యాయి. 2019లో వాటిలో మళ్లీ పంట వేలాడింది. ఈసారి హెంప్.

హెంప్ గంజాయి జాతి మొక్కే. మత్తునిచ్చే టీహెచ్‌సీ పొడి బరువులో 0.3 శాతం దాటకపోతే అమెరికా చట్టం ప్రకారం అది హెంప్, దాటితే గంజాయి. కాండం నారకు, గింజ నూనెకు, పూత సీబీడీ అనే మత్తులేని పదార్థానికి పనికొస్తాయి. 2014 చట్టం ప్రయోగాత్మక సాగుకు, 2018 డిసెంబరు నాటి వ్యవసాయ చట్టం పూర్తిస్థాయి సాగుకు అనుమతిచ్చాయి. 2014లో కెంటకీ మొత్తంలో వేసింది 33 ఎకరాలు. 2019లో దాదాపు 26,500.

అంత ఊపు తెచ్చింది నార కాదు, సీబీడీ. 2019 వేసవిలో ఎండు పూతకు అందులోని సీబీడీ శాతాన్ని బట్టి ధర కట్టేవారు. ఒక్కో శాతానికి పౌండుకు నాలుగు డాలర్ల చుట్టూ పలికింది. పది శాతం ఉంటే పౌండు 40 డాలర్లు! కాగితం మీద ఈ గుణకారం వేసుకున్న రైతుకు నిద్రెలా పడుతుంది? మరుసటి వసంతానికి శాతానికి డాలరు కూడా రాలేదు.

పంట పోటెత్తింది, కొనేవాళ్లు రాలేదు. సీబీడీని 2018 జూన్‌లోనే మూర్ఛ మందుగా ఆమోదించినందువల్ల దాన్ని ఆహారంలో, పోషకాహార మాత్రల్లో కలపడం కుదరదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. సాగుకు చట్టం ఒప్పుకుంది, తిండిలో కలపడానికి నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. పెద్ద కంపెనీలు దూరంగానే ఉండిపోయాయి.

ఖర్చు మాత్రం ముందే అయిపోయింది. సీబీడీ కోసమైతే ఆడ మొక్కలే కావాలి. అలాంటి విత్తనం ఒక్కోటి డాలరు దాకా పలికింది. ఎకరాకు వెయ్యి నుంచి రెండు వేల మొక్కలు. ఒక్క మగ మొక్క తప్పించుకున్నా, పొరుగువాడు గింజ కోసం వేసిన చేలోంచి పుప్పొడి ఎగిరొచ్చినా, పూత గింజ కట్టి సీబీడీ పడిపోతుంది. ఈ పంటపై వాడదగ్గ పురుగుమందుల తొలి జాబితాకు పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆమోదం 2019 డిసెంబరులో గానీ రాలేదు. ఉన్నవి పది, అందులో తొమ్మిది జీవసంబంధమైనవే. అప్పటికి ఆ ఏటి కోత కూడా అయిపోయింది.

అన్నిటికన్నా కష్టం ఆ 0.3 శాతం గీత. పూత ముదిరేకొద్దీ సీబీడీతోపాటు టీహెచ్‌సీ కూడా పెరుగుతుంది. త్వరగా కోస్తే ధర రాదు, ఆగితే గీత దాటుతుంది. దాటిన పంటను అక్కడ ‘హాట్’ అంటారు. అప్పట్లో దాన్ని నాశనం చేయాల్సి వచ్చేది. పంట బీమా ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. వడగళ్లకు పోతే పరిహారం ఉంది, పరీక్షలో పోతే లేదు. నాకు ఇంతకన్నా అన్యాయమైన నిబంధన కనిపించలేదు.

బాగుపడిందెవరంటే విత్తనాలు, నారు, సలహాలు అమ్మినవాళ్లు. 2000ల్లో మన పల్లెల్లో పెట్టిన ఎమూ ఫారాలు గుర్తున్నాయా? పిల్లల్ని అమ్మినవాడు గట్టెక్కాడు, మాంసం కొనేవాడి కోసం చూసినవాడు మునిగాడు. కెంటకీలోనూ అదే వరస. పంట అమ్ముడైనప్పుడూ రైతు వాటా చిన్నదే. రాష్ట్ర వ్యవసాయ శాఖ చెప్పిన లెక్కే చూడండి: మంచి ఏడాది అనుకున్న 2018లో శుద్ధి కంపెనీల అమ్మకాలు 5.77 కోట్ల డాలర్లు, రైతులకు ముట్టింది 1.77 కోట్లు. ఆ శుద్ధి కంపెనీల్లో పెద్దవాటిలో ఒకటి జెన్‌కానా. మేఫీల్డ్‌లో భారీ కర్మాగారం మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 2020 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరింది. దానికి పంట పోసిన రైతులు అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సి వచ్చింది. దేశం మొత్తమ్మీద హెంప్ పంట విలువ 2021లో 82.4 కోట్ల డాలర్లు, 2022కి 23.8 కోట్లు.

సీబీడీ పోతే పోయింది, నార ఉంది కదా అంటారు. నార ఉంది, తీసే యంత్రం ఉండాలి. గోగునార ఊరవేసిన శ్రీకాకుళం రైతుకు ఆ చాకిరీ చెప్పక్కర్లేదు. హెంప్ కాండాలను చేలోనే మంచుకు మాగనిచ్చి, ఎండబెట్టి, మిల్లుకు తోలాలి. బరువు తక్కువ, లారీ నిండా సరుకు. మిల్లు దూరమైతే కిరాయికే సరి. లూయీవిల్‌లో నార తీసే సన్‌స్ట్రాండ్ కంపెనీ కూడా 2020 జనవరిలో దివాలా తీసింది.

మన దేశానికి ఈ ముక్కే ముఖ్యం. 2018లో ఉత్తరాఖండ్ హెంప్ సాగుకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది, హిమాచల్ 2025లో ప్రయోగాత్మక అధ్యయనానికి ఒప్పుకుంది. మన మాదకద్రవ్యాల చట్టం సాగుకు వీలు కల్పించేది ప్రధానంగా నారకు, గింజకు. కెంటకీని ఊరించిన పూత మన రైతుకు ఎలాగూ అందదు. కెంటకీలో గిట్టుబాటు కానిది మాత్రం అందుతుంది. మిల్లు ఎక్కడ పెడతారో చెప్పకుండా ఎకరాల లక్ష్యాలు ప్రకటించే పథకాలను నేను నమ్మను.

ఇక అమెరికాలో అమ్ముడుపోని సీబీడీ ఏమైంది? కారుచౌకైన ఆ సరుకును రసాయనికంగా మార్చి డెల్టా-8 అనే మత్తు పదార్థం చేశారు. అది మిఠాయిల రూపంలో పెట్రోలు బంకుల్లోకి వచ్చింది, పిల్లలు తిని ఆసుపత్రుల పాలయ్యారు. 2018లో హెంప్‌తో చేసిన పెన్నుతో చట్టం కాగితాలపై సంతకం చేసిన కెంటకీ సెనేటర్ మిచ్ మెకానెలే 2025 నవంబరులో ఈ సరుకుకు అడ్డుకట్ట వేయించారు. అదే రాష్ట్రపు సెనేటర్ రాండ్ పాల్ వద్దన్నా ఆగలేదు. కొత్త నిబంధన ప్రకారం డబ్బాకు 0.4 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ మించితే అది హెంప్ కిందికి రాదు. మత్తు కోసం కాకుండా అమ్మే సీబీడీ నూనెల్లోనూ చాలావి ఆ గీత దాటుతాయి.

ఆ నిబంధనకు ఇచ్చిన గడువు ఏడాది. కెంటకీలో హెంప్ నాటేది మే, జూన్ నెలల్లో; కోసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో; గడువు ముగిసేది నవంబరులో.