అనంతలో పది రూపాయల బల్బు

రెండు పాత బల్బులు తెచ్చిస్తే రెండు ఎల్‌ఈడీ బల్బులు. ఒక్కోటి పది రూపాయలు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు ఎల్‌ఈడీల పంపిణీ మొదలుపెట్టినప్పుడు తొలి విడతకు ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో అనంతపురం ఒకటి. గుంటూరు, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి మిగతా మూడు. 60 వాట్ల ఫిలమెంటు బల్బు పోయి దాని చోట 7 వాట్ల ఎల్‌ఈడీ వచ్చింది. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ ఈ బల్బులను టోకున కొనేది. 2014 మొదట్లో ఒక్కోదానికి 310 రూపాయలు పెట్టిన ఆ సంస్థకే 2016లో 38 రూపాయలకు దొరికాయి.

అనంతపురానికి ఇది అన్నివిధాలా తగిన మార్పు. ఫిలమెంటు బల్బు తాగిన కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లో, పగలంతా కాగిన మిద్దె కింద, రాత్రి ఆ వేడి కూడా భరించాలా? ఎల్‌ఈడీలో తీగ కాలదు. అర్ధవాహకపు చిన్న ముక్కలో కరెంటు పారితే నీలి వెలుగు పుడుతుంది, పైనున్న పసుపు పూత దాన్ని తెల్లగా మారుస్తుంది. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించిన ముగ్గురికి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చిందీ 2014లోనే.

లెక్క చూద్దాం. రెండు బల్బులు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు పాతవాటికి 18 యూనిట్లు, కొత్తవాటికి రెండు. పదహారు యూనిట్లు మిగులు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధరా పెరుగుతుంది కాబట్టి, తగ్గేవి బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లే.

బోరు మోటార్లు నడిచే వేళ ఊళ్లో వోల్టేజి పడిపోతే పాత బల్బు ఎర్రగా మినుకుమినుకుమనేది. కరెంటును అదుపు చేసే మంచి డ్రైవర్ సర్క్యూట్ లోపల ఉన్న ఎల్‌ఈడీ అప్పుడూ నిలకడగా వెలుగుతుంది. చవకబారు బల్బుల్లో ఆ సర్క్యూటే నాసిరకం, ముందు పోయేదీ అదే. అందుకే కొనేటప్పుడు వాట్లొక్కటే కాదు, డబ్బా మీద ల్యూమెన్లు (వెలుగు కొలత), స్టార్ గుర్తు, వారంటీ చూడాలి. గాలి ఆడని గాజు బుడ్డీలో బిగిస్తే మంచి బల్బు కూడా వేడికి త్వరగా చెడిపోతుంది.

బల్బులు మార్చేసిన ఇళ్లు ఇక ఫ్యాన్ వైపు చూడాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్‌కు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్‌కు సుమారు 30. రోజుకు పదిహేను గంటలు తిరిగే అనంతపురం వేసవిలో ఒక్క ఫ్యాన్ మారిస్తే నెలకు ఇరవై యూనిట్లకు పైగా మిగులుతాయి.