ముసురు రోజుల్లో బట్టలు ఆరబెట్టడం: కరెంటు ఖర్చు లెక్క

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో గృహోపకరణాల దుకాణానికి వెళ్లి "డ్రయ్యర్ ఉన్న మిషను కావాలి" అని అడిగి చూడండి. చాలావరకు మీకు చూపించేది రెండు తొట్లు ఉన్న సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషను. అందులో రెండో తొట్టిని మన ఇళ్లలో డ్రయ్యర్ అనే పిలుస్తాం. అది బట్టలను గిరగిరా తిప్పి నీటిని పిండేస్తుంది, అంతే. బయటికి తీసిన బట్టలు ఇంకా తడిగానే ఉంటాయి, దండెం మీద వేయక తప్పదు. వేడిగాలితో బట్టలను పూర్తిగా ఆరబెట్టే టంబుల్ డ్రయ్యర్ వేరే యంత్రం. పేరు ఒకటే కావడం వల్ల ఒకదాని ఖర్చు చూసి రెండోదాన్ని అంచనా వేసే పొరపాటు జరుగుతుంది. మొదటిది నెలంతా వాడినా అర యూనిట్ దాటదు. రెండోది అదే నెలలో యాభై యూనిట్లు వాడగలదు. ఇంత తేడా ఎందుకు వస్తుందో ఈ పాఠంలో లెక్క కట్టి చూద్దాం.

డెల్టాలో ఈ ప్రశ్న ఏడాది పొడుగునా ఉండేది కాదు. మార్చి నుంచి మే వరకు డాబా మీద వేసిన చీర గంటలో ఆరుతుంది. జూన్‌లో నైరుతి రుతుపవనాలు మొదలైనప్పటి నుంచి, అక్టోబరు, నవంబరు నెలల తుఫానులు వెళ్లేదాకా అసలు ఇబ్బంది. ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ మొహం కనబడదు. పసిపిల్ల ఉన్న ఇల్లు, మంచాన పడిన పెద్దవారు ఉన్న ఇల్లు, రెండే జతల యూనిఫాంతో బడికి వెళ్లే పిల్లలున్న ఇల్లు ఆగలేవు. సగం ఆరి ముక్కవాసన కొట్టే బట్టలు కట్టుకుంటే తామర వంటి చర్మవ్యాధులు ముదురుతాయి కూడా. కాబట్టి టంబుల్ డ్రయ్యర్ కొనాలనుకోవడం విలాసమని కొట్టిపారేయలేం. దాని ఖర్చు తెలిసి కొనాలి.

నీటిని పిండటం, నీటిని ఆవిరి చేయడం

నలుగురున్న ఇంట్లో ఒక విడత ఉతికే బట్టలు పొడిగా ఉన్నప్పుడు 4 కిలోలు తూగుతాయనుకుందాం. చేత్తో పిండిన నూలు బట్టల్లో సుమారు వాటి బరువంత నీరు, అంటే మరో 4 కిలోలు మిగిలి ఉంటుంది. మంచి వేగంతో తిరిగే స్పిన్ తొట్టిలో పిండితే అది 2.4 కిలోలకు తగ్గుతుంది. ఈ 1.6 కిలోల నీటిని వదిలించడానికి స్పిన్ మోటారు చేసే పని కొద్ది నిమిషాలే. 200 వాట్ల మోటారు 6 నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది 0.02 యూనిట్.

ఇప్పుడు అదే నీటిని ఆవిరి చేసి వదిలించాలనుకోండి. ద్రవరూపంలో ఉన్న నీరు ఆవిరిగా మారడానికి అదనంగా తీసుకునే ఉష్ణాన్ని భౌతికశాస్త్రంలో గుప్తోష్ణం అంటారని మీరు చదివే ఉంటారు. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక కిలో నీటికి ఇది సుమారు 2,430 కిలోజౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 3,600 కిలోజౌళ్లు. భాగిస్తే కిలో నీటికి 0.68 యూనిట్ వస్తుంది. ఏ కంపెనీ యంత్రమైనా, ఎంత ఖరీదైనదైనా, నీటికి ఈ ఉష్ణం ఇవ్వకుండా బట్టను ఆరబెట్టలేదు. స్పిన్‌తో పోయే 1.6 కిలోల నీటిని వేడితో పోగొట్టాలంటే కనీసం 1.1 యూనిట్లు కావాలి. 0.02 యూనిట్‌తో అయ్యే పనికి యాభై రెట్లకు పైగా ఖర్చన్నమాట.

హీటరుతో పనిచేసే మామూలు టంబుల్ డ్రయ్యర్లో ఇచ్చిన వేడి అంతా నీటికి చేరదు. కొంత బట్టలను, డ్రమ్మును వేడి చేయడానికి పోతుంది. కొంత వేడిగాలితోపాటు గొట్టం గుండా బయటికి పోతుంది. మూడింట రెండు వంతులు ఉపయోగపడిందని తీసుకుంటే, 2.4 కిలోల నీరున్న బట్టలకు 2.4 యూనిట్లు, చేత్తో పిండి వేసిన బట్టలకు 4 యూనిట్లు ఖర్చవుతాయి. హీట్ పంప్ డ్రయ్యర్ మరో పద్ధతిలో పనిచేస్తుంది. రిఫ్రిజిరేటరులో ఉండే కంప్రెసరు వంటిదే ఇందులోనూ ఉంటుంది. తడిగాలిలోని ఆవిరిని చల్లబరచి నీటిగా మార్చి, ఆ మార్పులో విడుదలయ్యే గుప్తోష్ణాన్ని పట్టుకుని మళ్లీ బట్టలకే అందిస్తుంది. అందువల్ల అదే పనికి సుమారు ఒక యూనిట్ సరిపోతుంది. అయితే దాని ధర ఎక్కువ, ఆరడానికి పట్టే సమయమూ ఎక్కువే.

పోలిక కోసం ఎండను కూడా లెక్కలోకి తీసుకోండి. నడినెత్తి ఎండ చదరపు మీటరు మీద సుమారు ఒక కిలోవాట్ శక్తిని కుమ్మరిస్తుంది. అయిదున్నర మీటర్ల చీరను డాబా మీద పరిస్తే ఆరు చదరపు మీటర్లు. దాని మీద పడే ఎండ రెండు టంబుల్ డ్రయ్యర్ల హీటర్లను మించిపోతుంది. దీనికి మీటరు లేదు.

గదిలో గాలి ఎంత నీటిని మోయగలదు?

వాన పడుతుంటే చాలామంది చేసే పని గది తలుపులు, కిటికీలు మూసి, లోపల తాళ్లు కట్టి బట్టలు వేసి ఫ్యాను పెట్టడం. జల్లు కొడుతుందని కిటికీ మూయడం సహజమే గాని, లెక్క చూస్తే అది ఎందుకు పనిచేయదో తెలుస్తుంది.

30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే ఉంచుకోగలదు. గాలిలో తేమ 80 శాతం అంటే 24 గ్రాములు అప్పటికే నిండి ఉన్నాయి, ఖాళీ 6 గ్రాములే. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అది మోయగలిగే అదనపు నీరు 170 గ్రాములు. మీ బట్టల్లో ఉన్నది 2,400 గ్రాములు. గదిలోని గాలి కనీసం పద్నాలుగు సార్లు పూర్తిగా మారితే తప్ప ఆ బట్టలు ఆరవు. మూసిన గదిలో సీలింగ్ ఫ్యాను రాత్రంతా తిరిగినా, ఆ తడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. పొద్దున్నకు బట్టలతోపాటు గోడలు, పరుపు కూడా చెమ్మగిల్లుతాయి.

అందుచేత ఎదురెదురుగా రెండు కిటికీలు, లేదా ఒక కిటికీ, ఒక తలుపు తెరిచి ఉంచాలి. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేస్తుంటే దాన్ని వేయండి. జల్లు పడని వసారా ఉంటే అది గదికన్నా మేలు. బట్టకు బట్టకు మధ్య బెత్తెడు ఎడం ఉండాలి, ప్యాంటు జేబులు తిరగేయాలి. 75 వాట్ల పాత ఫ్యాను 6 గంటలు తిరిగితే 0.45 యూనిట్. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను అయితే 0.18 యూనిట్. రాత్రి ఎలాగూ ఏసీ వేసుకునే ఇల్లయితే స్పిన్ చేసిన బట్టలను కొద్దికొద్దిగా ఆ గదిలోనే వేయవచ్చు. ఏసీ గొట్టం నుంచి బయట కారే నీటిలో మీ బట్టల నీరు కూడా ఉంటుంది. బట్టల కోసమే ఏసీ వేయడం మాత్రం దండగ.

డెల్టా రైతుకు ఈ లెక్క కొత్త కాదు. నవంబరు వానలకు తడిసిన ధాన్యాన్ని 17 శాతం తేమకు దించితే గాని కొనుగోలు కేంద్రంలో మద్దతు ధర దక్కదని రోడ్ల మీద పరచి, తిరగబోసి కాపలా కాస్తాడు. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల ధాన్యం నుంచి అతడు పోగొట్టవలసిన నీరు సుమారు 6 కిలోలు. అంటే 4 యూనిట్లకు సమానమైన ఉష్ణం.

బిల్లులో ఏం జరుగుతుంది?

గోదావరి జిల్లాలకు విద్యుత్ సరఫరా చేసేది ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. 2022–23కు నియంత్రణ మండలి నిర్ణయించిన ధరల ప్రకారం ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3.00, 76 నుంచి 125 వరకు 4.50, 126 నుంచి 225 వరకు 6.00, 226 నుంచి 400 వరకు 8.75, ఆపైన 9.75. స్థిర ఛార్జీలు, సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీలు వేరు. మీ తాజా బిల్లులో రేట్లు మారి ఉంటే ఆ అంకెలతోనే లెక్క వేయండి.

"225 దాటితే మొత్తం బిల్లుకు పెద్ద రేటు పడుతుంది" అని ఇప్పటికీ చాలామంది అంటారు. వాడకాన్ని బట్టి వినియోగదారులను వర్గాలుగా విడదీసిన పాత పద్ధతిలో ఆ మాటకు కొంత ఆధారం ఉండేది. పైన చెప్పిన పద్ధతిలో పెద్ద రేటు దాటిన యూనిట్లకే వర్తిస్తుంది. అయితే డ్రయ్యర్ యూనిట్లన్నీ ఎప్పుడూ ఆ పై మెట్టు మీదే పడతాయి. అసలు విషయం అదే.

నెలకు 200 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. విద్యుత్ ఛార్జీ 57 + 135 + 225 + 450 = 867 రూపాయలు. సగటున యూనిట్ 4.34. వానాకాలంలో ఒక నెల 20 విడతలు మామూలు టంబుల్ డ్రయ్యర్ వాడితే అదనంగా 48 యూనిట్లు. అందులో 25 యూనిట్లకు 6.00 చొప్పున 150, మిగతా 23కు 8.75 చొప్పున 201.25, మొత్తం 351 రూపాయలు. యూనిట్‌కు పడింది 7.32. చేత్తో పిండి వేస్తే 80 యూనిట్లు, 631 రూపాయలు. హీట్ పంప్ అయితే 20 యూనిట్లు, 120 రూపాయలు. స్పిన్ చేసి, కిటికీ తెరిచి, పాత ఫ్యాను కింద ఆరేస్తే 57 రూపాయలు దాటదు. ఏడాదిలో మూడు నాలుగు నెలలే అవసరపడే ఇంటికి యంత్రం ధర ఎన్నేళ్లకు తిరిగివస్తుందో మీరే చూడండి. నా మట్టుకు, మంచి స్పిన్ ఉన్న మిషనుకు పెట్టే డబ్బే ముందు పెట్టవలసిన డబ్బు.

డ్రయ్యర్ ఇప్పటికే ఉన్నవారు బరువు బట్టలను, పలచని బట్టలను విడివిడిగా వేయాలి. లేకపోతే జీన్స్ ఆరేదాకా చొక్కాలు ఉత్తపుణ్యానికి వేగుతాయి. ముసురులో కూడా ముందు ఫ్యాను కింద ఒక పూట ఉంచి, మిగిలిన చెమ్మను మాత్రమే యంత్రానికి అప్పగిస్తే యూనిట్లు సగానికి పైగా తగ్గుతాయి. జాలీలో చేరే నూగును ప్రతిసారీ తీసేయాలి. నూగు గాలిని అడ్డుకుంటుంది, అంటుకుంటే మండుతుంది. పసిపిల్లలకు నూనె రాసి తుడిచిన గుడ్డలు ఉతికినా అందులో వేయకండి. మిగిలిన నూనె వేడికి రాజుకుని మంట పుట్టే ప్రమాదం ఉంది. 2,000 వాట్ల యంత్రం 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గే వాడాలి.

దండెం తీగ

ఖర్చు తగ్గుతుందని దండేనికి మళ్లేవారు ఒక విషయం పట్టించుకోవాలి. వానాకాలంలో బట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి చనిపోయారన్న వార్త మన జిల్లాల పేపర్లలో దాదాపు ఏటా చూస్తాం. కారణం చాలాసార్లు ఒకటే. ఇనుప తీగతో దండెం కట్టి, ఒక కొసను ఇంటికి కరెంటు వచ్చే సర్వీసు పైపుకో, రేకుల షెడ్డు గుంజకో ముడివేస్తారు. ఏళ్లు గడిచి సర్వీసు వైరు తొడుగు రాపిడికి పోతుంది. తీగలోకి కరెంటు దిగుతుంది. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి తడి బట్ట వేసిన మనిషి ఒంటి గుండా భూమిలోకి పోతుంది. పట్టి లాగబోయిన రెండో మనిషినీ బలి తీసుకుంటుంది.

దండేనికి నైలాన్ తాడు గాని, నులక గాని కట్టండి. సర్వీసు పైపుకు, కరెంటు స్తంభానికి, స్టే వైరుకు ఏదీ ముడివేయకండి. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపాలి. అది అందకపోతే పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో విడదీయాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించుకుంటే ఇంటి వైరింగు వైపు లీకేజీని అది క్షణంలో ఆపుతుంది. మీటరుకు ముందున్న సర్వీసు వైరు విషయంలో మాత్రం అది ఏమీ చేయలేదు. అక్కడ మిమ్మల్ని కాపాడేది నైలాన్ తాడే.

అభ్యాసం

ఒక స్ప్రింగ్ త్రాసు సంపాదించి, మీ ఇంట్లో ఒక విడత బట్టలను ఉతకకముందు, చేత్తో పిండిన తరువాత, స్పిన్ చేసిన తరువాత తూచండి. ప్రతి దశలో మిగిలిన నీటి బరువును 0.68తో గుణించి, మీ గత నెల బిల్లులో మీరు ఆగిన శ్లాబు రేటు చొప్పున రూపాయల్లోకి మార్చండి. స్పిన్ సౌకర్యం లేనివారు ఇదే ప్రయోగాన్ని పొడి తువ్వాలులో చుట్టి పిండిన బట్టలతో చేసి, ఎంత తేడా వచ్చిందో రాయండి.