సైడు కవరులో తేమ చేరితే బండి దారిలోనే ఆగుతుంది
వానాకాలంలో మన్యం వాహనదారులకు తప్పని తిప్పలు

చింతూరు: వాన పడితే మన్యంలో మోటారు సైకిలుకు పరీక్షే. వాగులో దిగిన బండి అవతలి గట్టు ఎక్కుతుంది. నాలుగు మైళ్లు పోయాక దగ్గి దగ్గి ఆగుతుంది. పెట్రోలు ఉంటుంది, ప్లగ్గు బాగానే ఉంటుంది. తీరా చూస్తే ఇంజను పక్కనుండే సైడు కవరులో నీరు చేరి ఉంటుంది.

ఇక్కడ బండి ఆగడమంటే ఒక్క మనిషి ఇబ్బంది కాదు. రోగిని ఆసుపత్రికి చేర్చాలన్నా, సంత సరుకు తేవాలన్నా చాలా గూడేలకు రెండు చక్రాల బండే దిక్కు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన ప్రాంతాల్లో బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టిందీ అందుకే. సోకిలేరు పొంగితే చింతూరు, వరరామచంద్రపురం మధ్య రాకపోకలే ఆగిపోతాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి ఎగదన్ని ఈ మండలాలు మునిగాయి.

నీరు ఎలా చేరుతుంది?

కవరు కింద కరెంటు పుట్టించే మాగ్నెట్, కాయిల్ ఉంటాయి. రాజ్‌దూత్, ఎజ్డీల కాలంలో పాయింట్లు తడిసి నిప్పురవ్వ పోయేది. ఇప్పటి బళ్లలో పాయింట్లు లేవు. అయినా కాయిల్ తడిసినా, తుప్పు పట్టినా కథ అంతే. కొన్ని బళ్లలో ఈ కవరు పొడిగా ఉంటుంది, కొన్నింటిలో ఇంజను ఆయిలు తిరుగుతుంది. ఆయిలులో నీరు కలిస్తే పాలు పోసిన టీ రంగుకు మారి బేరింగులను తినేస్తుంది.

కాలిన ఇంజను చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ ఈడ్పుకు ప్యాకింగు సందుల్లోంచి, వైర్లు బయటికొచ్చే రబ్బరు బుష్షు పక్కనుంచి నీరు లోపలికి పోతుంది. కడిగేటప్పుడు వేడి ఇంజను మీద నీళ్లు కొట్టినా ఇదే జరుగుతుంది. వాగు దాటకపోయినా తేమ తప్పదు. రోజూ అరమైలు తిరిగి ఆపేస్తే ఆయిలు సరిగా కాగక లోపలి ఆవిరి నీరవుతుంది. వేడి బండి మీద వెంటనే పట్టా కప్పితే ఆ తేమ అక్కడే నిలుస్తుంది.

ఏం చేయాలి?

తొందర లేకపోతే వాగుకు ముందు బండి ఆపి, ఇంజను చల్లారాక దిగాలి. నీళ్లలో ఆగిపోతే కిక్కు కొట్టరాదు. సిలిండరులో నీరుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. గట్టుకు తోసి, ప్లగ్గు విప్పి నీరు పోయాకే కొట్టాలి.

అనుమానముంటే రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేయాలి. నీరు బరువు కాబట్టి ముందు అదే చుక్కలుగా వస్తుంది. అప్పుడు ఆయిలంతా తీసి, కొత్తది పోసి కొద్దిసేపు ఇంజను తిప్పి, దాన్నీ తీసి మళ్లీ పోయాలి.

కవరు విప్పితే పాత ప్యాకింగు మళ్లీ వాడరాదు. స్క్రూడ్రైవరుతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడి అదే కొత్త దారి అవుతుంది, చెక్కముక్కతో గీకాలి. బోల్టులు పొడుగూ పొట్టీ ఉంటాయి గనుక అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోటే గుచ్చుకోవాలి. బిగించేటప్పుడు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. బలం చూపితే మరలు పోతాయి. రబ్బరు బుష్షు చుట్టూ పేస్టు పలచగా రాస్తే చాలు. ఎక్కువైతే లోపల ఊడి ఆయిలు జాలీకి అడ్డుపడుతుంది. గేరు, కిక్కు షాఫ్టుల ఆయిలు సీళ్లు కూడా చూసుకోవాలి.

ప్యాకింగు, బుష్షు ఖరీదు తక్కువే. అది దాచుకుంటే అర్ధరాత్రి అడవిలో రోగితో నిలబడాల్సి వస్తుంది. అయితే ఎంత బిగించిన కవరైనా పొంగే వాగును ఆపలేదు. ప్రవాహం ఉధృతంగా ఉంటే దిగకపోవడమే క్షేమం. బండికి ప్యాకింగు వాహనదారు వేసుకోగలడు. వాగుకు వంతెన మాత్రం ప్రభుత్వమే వేయాలి.