పన్నెండుగురి పంచాయతీ: మలయాళ చిత్రం ‘ఆట్టం’

మన తోలుబొమ్మలాటలోని ‘ఆట’కూ మలయాళంలోని ‘ఆట్టం’కూ ధాతువు ఒక్కటే. మలయాళంలో ఆ మాటకు నృత్యమనీ, నాటకమనీ, ఊగడమనీ అర్థాలున్నాయి. ఆనంద్ ఏకర్షి తన తొలి చిత్రానికి ఈ పేరే పెట్టారు. అందులో ఊగేవారెవరో సినిమా చూస్తే గాని తెలియదు. 2023లో చిత్రోత్సవాలలో ప్రదర్శింపబడి, 2024 జనవరిలో థియేటర్లకు వచ్చిన ఈ చిన్న చిత్రానికి 2022వ సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ చిత్రంతో పాటు ఉత్తమ స్క్రీన్‌ప్లే, ఉత్తమ ఎడిటింగ్ బహుమతులు కూడా లభించాయి.

కథ చిన్నదే. ‘అరంగు’ అనే నాటక బృందంలో పన్నెండుగురు మగవాళ్ళు, ఒక్కతే స్త్రీ అంజలి (జరీన్ షిహాబ్). ప్రదర్శన ముగిశాక అందరూ విందు చేసుకున్న రాత్రి, కిటికీ పక్కన నిద్రపోతున్న అంజలిపై బయటినుండి ఎవరో చెయ్యి వేస్తారు. సినిమాల్లో పేరు తెచ్చుకొని బృందంలోకి వచ్చిన హరి మీద ఆమెకు అనుమానం. ఆమె ఈ సంగతి మొదట చెప్పుకొన్నది తాను ప్రేమించిన వినయ్‌తో. హరి రాకతో ప్రధాన పాత్ర పోగొట్టుకున్నవాడూ ఆ వినయే. చిక్కుముడి ఇక్కడే పడుతుంది.

తక్కిన మగవాళ్ళు ఒక ఇంట్లో సమావేశమవుతారు. మొదట అందరిదీ ఒకటే మాట, హరిని పంపెయ్యాలని. అంతలో హరి స్నేహితుల ద్వారా ఐరోపాలో ప్రదర్శనలిచ్చే అవకాశం వస్తుంది. ఎవరూ మాట మార్చినట్టు ఒప్పుకోరు. ప్రశ్నలు మాత్రం మారతాయి. ముఖం చూసిందా? తాగి ఉందా? పొరబడిందేమో? ఒక్కొక్క ప్రశ్న విడిగా వింటే న్యాయంగానే తోస్తుంది. పది నిమిషాల క్రితం ఇవి ఎవరికీ ఎందుకు తట్టలేదన్నదే ప్రేక్షకుడు ఆలోచించవలసిన విషయం. దర్శకుడు వీరిలో ఎవరినీ దుర్మార్గుడిగా చిత్రించలేదు. ఇంటి అప్పు ఉన్నవాడు, విదేశం చూడాలని ఆశపడేవాడు, గొడవంటే భయపడేవాడు – మనకు తెలిసినవాళ్ళే.

విద్యార్థులు గమనించవలసిన సంగతి మరొకటుంది. 2013 నాటి చట్టం ప్రకారం పదిమంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట, ఇటువంటి ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. దానికి స్త్రీయే అధ్యక్షత వహించాలి, సభ్యులలో కనీసం సగంమంది స్త్రీలుండాలి, బయటివారొకరు తప్పనిసరి. దీనికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. (పేరు చూసి మన విశాఖపట్నం అనుకునేరు! అది కేసు వేసిన ఒక రాజస్థాన్ సంస్థ పేరు.) ఔత్సాహిక నాటక బృందానికి ఈ చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్నది వేరే చర్చ. కళాశాలలకు మాత్రం వర్తిస్తుంది. తీర్పు చెప్పేవారికి ఆ తీర్పువల్ల లాభనష్టాలు ఉండకూడదని చట్టం బయటి సభ్యుణ్ణి ఎందుకు కోరిందో, ఈ పన్నెండుగురినీ చూస్తే తెలుస్తుంది.

చేసినవాడెవరో చిత్రం చెప్పదు. అది లోపమని కొందరన్నారు, నాకట్లా తోచలేదు. చివర అంజలి ఈ ఉదంతాన్నే నాటకంగా మలుస్తుంది. అపరాధి ముఖం చూసే అవకాశం వచ్చినప్పుడు, చూడనక్కరలేదంటుంది. అప్పటికి ఆమె ఆ పన్నెండు ముఖాలనూ చూసింది.