కారు కప్పు మార్చవచ్చునా?

ఇంటి కప్పు మార్చడం మన ప్రాంతం వారికి కొత్త కాదు. గడ్డి తీసి పెంకు వేశాము, పెంకు తీసి రేకు వేశాము, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన నాడు రేకు తీసి స్లాబు పోశాము. కాని కారుకు ఒక కప్పు తీసి మరొక కప్పు వేయడమనే మాట మన కాలనీలో ఈమధ్యనే వినవస్తున్నది. ఇనుప టాపు కోసివేసి, దాని స్థానంలో కార్బన్ ఫైబర్ పలక అతికిస్తారట. నల్లగా నిగనిగలాడుతూ, చాప అల్లికలాగా గళ్ళు కనిపించే ఆ టాపుల బొమ్మలు కుర్రవాళ్ళ ఫోనులలో మేమూ చూశాము. చూడముచ్చటగా ఉన్నమాట నిజమే. అది ఏమిటి, ఎందుకు, ఎవరికి అన్నవి మాత్రం బొమ్మలు చెప్పవు గనుక, మేము తెలుసుకున్నంత వరకు పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఫైబర్ అంటే నార. జేకేపూర్ వారికి నార సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1962లో మిల్లు వచ్చిన నాటినుంచి ఈ ఊరు బ్రతుకుతున్నది నారమీదనే గదా! వెదురును ముక్కలు చేసి, మందులు కలిపి ఉడికించి, నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురును కరిగించి వేరుచేస్తాము. మిగిలిన నార కాగితమవుతుంది. కార్బన్ పలక తయారీ దీనికి తలక్రిందుల పని. అక్కడ నారను ముందు తయారుచేసుకొని, తరువాత జిగురు పోస్తారు. నార లాగుడుకు ఓర్చుకుంటుంది, జిగురు నారలను కదలకుండా పట్టుకుంటుంది. నిలబడి ఉన్న పచ్చి వెదురులో ప్రకృతి చేసిన ఏర్పాటు కూడా అదే. వెదురు నిలువునా ఎంత గట్టిదో, కత్తి పెట్టి చీలిస్తే అంత సులువుగా చీలుతుంది. కార్బన్ నారకూ ఆ గుణమే ఉన్నది. అందుచేత ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా, ఒకటి ఏటవాలుగా పేర్చి పలక చేస్తారు.

వెదురుకూ ఈ నారకూ మరొక పాత చుట్టరికం ఉన్నది. ఎడిసన్ మహాశయుడు 1880లో తన విద్యుద్దీపానికి వెదురు పీచును మాడ్చి కార్బన్ తీగ చేశాడు. అందుకు జపానులోని క్యోటో ప్రాంతపు వెదురును ఏరికోరి తెప్పించుకున్నాడు. ఆ తీగ వెలుగు ఇచ్చేది గాని బలమైనది కాదు. బలమైన నారను 1958లో అమెరికాలో యూనియన్ కార్బైడ్ లాబొరేటరీలో రోజర్ బేకన్ చూపించాడు. కొద్దికాలానికే ఒసాకాలో అకియో షిండో వేరొక ముడిసరుకుతో దారి చూపాడు. ఆ ముడిసరుకు మరేమో కాదు, చలికాలంలో మనం స్వెట్టర్లు అల్లుకునే అక్రిలిక్ ఊలు జాతిదే. దానిని ముందు గాలిలో రెండు మూడు వందల డిగ్రీల వద్ద కాచి, తరువాత గాలి తగలకుండా నైట్రోజన్‌లో వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. సుమారు సగం బరువు పొగై పోతుంది. మిగిలినది తలవెంట్రుకలో పదోవంతు లావు ఉండే నల్లని నార. ఖరీదులో మంచి భాగం ఆ కాల్చడంలో ఉన్నది.

ఇక కారు టాపు సంగతి. బి.ఎం.డబ్ల్యూ. వారు 2003లో ఎం3 సి.ఎస్.ఎల్. అనే వేగపు కారుకు ఫ్యాక్టరీలోనే కార్బన్ టాపు వేశారు. ఎందుకు వేశారో గుమస్తా లెక్కతోనే తేల్చవచ్చును. టాపు రేకు విస్తీర్ణం చదరపు మీటరున్నర అనుకుందాము. మందం ముప్పావు మిల్లీమీటరు. ఇనుము నీటికి సుమారు 7.8 రెట్లు బరువు గనుక, రేకు తొమ్మిది కిలోలకు కొంచెం తక్కువ తూగుతుంది. కార్బన్ పలక నీటికి 1.6 రెట్లు మాత్రమే. మందం రెట్టింపు చేసి ఒకటిన్నర మిల్లీమీటర్లు వేసినా మూడున్నర కిలోలు దాటి కొద్దిగా వస్తుంది. మిగులు అయిదు కిలోలు. అదీ బండి నెత్తిమీద తగ్గింది గనుక మలుపులో బండి తక్కువ ఒరుగుతుంది. పందెంలో క్షణంలో వందో వంతుకు ప్రాణమిచ్చేవారికి ఆ అయిదు కిలోలు అపురూపమే. మనమైతే ఆ అయిదు కిలోలు తగ్గించిన టాపుమీదనే క్యారియరు బిగించి, పార్వతీపురం నుంచి బియ్యం బస్తా కట్టుకొని వస్తాము!

ఈ లెక్కలు మేము సరదాకు వేయలేదు. మా వీథిలో ఒక సోదరుడు చాలా ఏళ్ళుగా అద్దెకారు నడుపుకుంటున్నాడు. రాయగడ స్టేషనులో దిగినవారిని తేవడం, జబ్బు చేసినవారిని విశాఖపట్నం ఆసుపత్రులకు చేర్చడం అతని వృత్తి. క్యారియరు కాళ్ళు బిగించినచోట నీరు నిలిచి, టాపు తుప్పు పట్టి, నిరుడు వానలకు లోపల కూర్చున్నవారి మీద చుక్కలు పడసాగాయి. ఒక షెడ్డువారు టాపంతా మార్చి కార్బన్ వేస్తామని ఎస్టిమేటు కాగితం వ్రాసి ఇచ్చారు. ఆ మొత్తానికి ఇంట్లో ఇల్లాలి గొలుసు తాకట్టు పెట్టాలని నిర్ణయమైపోయింది కూడా. సంతకానికి ముందు రోజు సాయంత్రం అతడు కాగితం పట్టుకొని మా ఇంటికి వచ్చి, "అంతా ఇంగ్లీసులో ఉన్నాది బాబూ, ఓపాలి సదివి సెప్పండి" అన్నాడు.

చదివాము. పైన ఒకే ఒక పొర కార్బన్ గుడ్డ, క్రింద రెండు పొరలు మామూలు గాజునార, అనగా నీళ్ళ ట్యాంకులకు వాడేది. చేతితో జిగురు పూసి, నీడలో ఆరబెట్టుతారు. కారితే పూచీ లేదు. ఆర్.టి.ఓ. వ్యవహారం బండి యజమానిదే. ఇవన్నీ చివరి పంక్తులలో చిన్న అక్షరాలలో ఉన్నాయి.

నీడలో ఆరిన జిగురు సంగతి పాఠకులు గమనించవలసినది. పొయ్యిలో పెట్టి వేడిమీద గట్టిపరచని ఎపాక్సీ రకాలు చాలావరకు అరవై, డెబ్బై డిగ్రీల వద్దనే మెత్తబడతాయి. మే నెల మధ్యాహ్నం మన ఎండలో నిలిపిన నల్ల టాపు మీద చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. పైగా ఎండకు జిగురు పసుపుబారుతుంది. పైపూత ఎప్పటికప్పుడు వేయించుకోవాలి.

అతుకు సంగతి మరీ చిక్కు. ఇనుము వేడికి సాగుతుంది, కార్బన్ పలక దాదాపు సాగదు. రెంటినీ బిర్రుగా అతికిస్తే ఏదో ఒకటి ఊడుతుంది. ముందు అద్దానికి వాడే సాగే జిగురు వంటిది మధ్యన ఉండాలి. ఇంకొక శత్రువు తడి. కార్బన్ విద్యుత్తును పారనిస్తుంది. తడిలో ఇనుముకు నేరుగా తగిలితే బ్యాటరీలో జరిగే పనే జరిగి, ఇనుము ముందుకంటె త్వరగా తుప్పు పడుతుంది. తుప్పుకు మందు వేయించుకోబోయి తుప్పును పోషించినట్లు! మధ్యన గాజునార పొరో, దళసరి జిగురో అడ్డం వేసి ఫ్యాక్టరీలవారు దీనిని తప్పిస్తారు. వీథిచివరి షెడ్డులో అంత జాగ్రత్త పడేవారు ఉంటే ఉండవచ్చును.

కారు టాపు గొడుగు కాదు. పాత జీపుకు క్రింద విడిగా చట్రం ఉండేది, పైన గుడ్డ కప్పినా సాగేది. నేటి కార్లలో శరీరమే చట్రం. టాపు అంచులను చుట్టూ వెల్డింగు చుక్కలతో కుట్టి ఉంచడం చేత బండి మెలిపడకుండా నిలుస్తుంది. ఆ కుట్టు విప్పితే పెట్టెకు మూత తీసినట్లే. బండి పల్టీ కొట్టిన నాడు ఇనుము సొట్టపడి దెబ్బను కొంత మ్రింగుతుంది. కార్బన్ వంగదు, ఒకేసారి విరుగుతుంది. రోల్స్ రాయిస్ అంతటివారు విమాన ఇంజనుకు కార్బన్ నార రెక్కలు చేస్తే, 1970లో పక్షి తగిలే పరీక్షలో అవి ముక్కలై, చివరకు టైటానియం వేసుకోవలసి వచ్చింది. మన సునాబెడలో మిగ్ ఇంజన్లు చేసిన సోదరులకు ఈ కథ బాగా రుచిస్తుందని మా నమ్మకం.

చట్టం కూడా ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన రిజిస్ట్రేషను వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ మాటనే ఖండితంగా చెప్పింది. అద్దెకారుకు ఫిట్‌నెస్ పరీక్ష గండం ఒకటి. ఇన్సూరెన్సువారు క్లెయిము నాడు టాపు వైపు చూస్తే ఏమి చెప్పగలము?

ఇంతమాత్రం చేత కార్బన్ నారను నిందించడం మా ఉద్దేశం కాదు. 1989 మే 22న మన ఒడిశాలోని చాందీపూర్ నుంచి అగ్ని క్షిపణి ఎగిరినప్పుడు దాని ముక్కును కాచినది కార్బన్ జాతి పదార్థమే. హైదరాబాదులో దానిని తయారుచేయించిన కలాంగారు తరువాత ఒక సంగతి సభలలో తరచు చెప్పేవారు. నిజామ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టరు ఒకాయన లాబొరేటరీకి వచ్చి, ఆ తేలిక పదార్థం చేత పట్టుకొని ఆశ్చర్యపోయి, కలాంగారిని తన రోగుల దగ్గరకు తీసుకువెళ్ళాడట. అక్కడ పోలియో వంటి జబ్బులతో కాళ్ళు చచ్చుబడిన పిల్లలు మూడేసి కిలోల ఇనుప కట్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో మూడు వందల గ్రాముల కట్లు చేసి ఇచ్చారు. పిల్లలు పరుగెత్తారు, తల్లిదండ్రులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. కారు నెత్తిన తగ్గే అయిదు కిలోలకూ, పసివాడి కాలిమీద తగ్గే రెండు కిలోల ఏడువందల గ్రాములకూ పోలిక ఎక్కడ?

మా వీథి సోదరునికి ఇవన్నీ చెప్పలేదు. కాగితంలో ఉన్న మూడు పంక్తులు తెలుగులో చెప్పి, రిజిస్ట్రేషను పుస్తకం చూపించాము. అతడు కొంతసేపు ఆలోచించి, "మరి ఏటి సేద్దాం బాబూ?" అన్నాడు. రాయగడలో ఒక పెద్దవయసు టింకరు ఉన్నాడని, వెళ్ళి చూపించమని చెప్పాము. ఆయన లోపలి గుడ్డ దించి చూస్తే, చిల్లులు నాలుగే. ఒక్కటీ అరచేయి మించదు. తుప్పు కోసి, కొత్త రేకు ముక్కలు వెల్డింగు చేసి, లప్పం పెట్టి, రంగు వేశాడు. నీరు పోయే కాలువలలో పేరుకున్న ఆకులూ మట్టీ తీసి, క్యారియరు కాళ్ళ క్రింద రబ్బరు పెట్టించాడు. నాలుగు రోజుల కిరాయి పోయింది, గొలుసు ఇంట్లోనే ఉన్నది.

రథయాత్ర నాడు గుణుపురం నుంచి ఒక కుటుంబాన్ని తెస్తూంటే దారి పొడుగునా కుంభవృష్టి అట. లోపల తడిసినది, అద్దం దించి చెయ్యి బయటపెట్టిన పిల్లవాడొక్కడేనట.