బ్రేకు ఏ పాదానిది?

మోటారు వాహనాన్ని నడపడం కంటె దానిని ఆపడమే ముఖ్యమైన విద్య. కారులో ఆ పని పాదానిది. అయితే ఏ పాదానిది? క్లచ్చి ఉన్న కారులో ఈ ప్రశ్నకు తావు లేదు. అక్కడ ఎడమ పాదం క్లచ్చికి కట్టుబడి ఉంటుంది. బ్రేకు, యాక్సిలరేటరు రెండూ కుడి పాదం వంతు. కాని క్లచ్చి అవసరం లేని ఆటోమేటిక్ కార్లు, విద్యుత్ కార్లు మన దేశంలో పెరుగుతున్న కొద్దీ ఈ ప్రశ్న మళ్ళీ తలయెత్తుతున్నది. ఈ కార్లలో పెడళ్ళు రెండే. మరి పని లేక విశ్రాంతిగా ఉన్న ఎడమ పాదానికి బ్రేకును అప్పగిస్తే నష్టమేమిటి?

వరుస ఎలా ఏర్పడింది?

నేడు సర్వసామాన్యంగా కనిపించే పెడళ్ళ వరుస మోటారు కారుతో పాటే పుట్టినది కాదు. 1908లో వెలువడిన ఫోర్డు ‘మోడల్ టి’ కారులోనూ మూడు పెడళ్ళు ఉండేవి. కాని ఎడమ పెడలు గేర్ల కోసం, నడిమిది వెనుకకు నడపడానికి, కుడిది బ్రేకు కోసం. ఇంజను వేగాన్ని పెంచే మీట స్టీరింగు వద్ద చేతికి అందేటట్లు ఉండేది. మరికొన్ని పాత కార్లలో యాక్సిలరేటరు నడుమ ఉండేది. ఒక కారుకు అలవాటుపడినవాడు మరొక కారు ఎక్కితే కొత్తగా నేర్చుకోవలసిందే. ఎడమన క్లచ్చి, నడుమ బ్రేకు, కుడివైపు యాక్సిలరేటరు అనే వరుస 1916 నాటి ఒక కాడిలాక్ కారులో కనిపించింది. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ వంటి చిన్న కార్ల వల్ల అది బహుళ వ్యాప్తి పొందింది.

ఈ వరుసలో ఒక విశేషం ఉన్నది. భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్, శ్రీలంక దేశాలలో వాహనాలు రోడ్డుకు ఎడమ ప్రక్కన సాగుతాయి. అఫ్ఘానిస్తాన్‌లో కుడి ప్రక్కన సాగుతాయి. మయన్మార్ 1970లో ఎడమ నుండి కుడికి మారింది. కుడి ప్రక్కన నడిచే దేశాలలో స్టీరింగు సాధారణంగా కారుకు ఎడమవైపు ఉంటుంది. గేరు మార్చే చేయి కూడ మారుతుంది. పెడళ్ళ వరుస మాత్రం మారదు. సరిహద్దు దాటిన డ్రైవరు ఎన్ని కొత్త విషయాలు నేర్చుకొన్నా, బ్రేకును వెదకుకోవలసిన అవసరం లేదు.

పాదానికి కూడ జ్ఞాపకమున్నది

ఇటువంటి ఏకరూపత లేనప్పుడు ఏమవుతుందో మన మోటారు సైకిళ్ళే చెబుతాయి. మద్రాసులో తయారైన బుల్లెట్ మోటారు సైకిలుకు దశాబ్దాల పాటు గేరు కుడి పాదం వద్ద, వెనుక చక్రపు బ్రేకు ఎడమ పాదం వద్ద ఉండేవి. మైసూరులో తయారైన జావా, యెజ్డీ బండ్లకు గేరు ఎడమన, బ్రేకు కుడిన ఉండేవి. ఒక బండికి అలవాటుపడిన వ్యక్తి రెండవది నడిపినప్పుడు, ఆపదలో బ్రేకు అనుకొని గేరును తొక్కే ప్రమాదం ఉండేది. ఎందుకంటే ఆపదవేళ పాదం ఆలోచనను సంప్రదించదు, అభ్యాసాన్నే అనుసరిస్తుంది.

ఎడమ పాదం పక్షాన

ఎడమ పాదంతో బ్రేకు వేయాలనేవారి వాదం తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 20 మీటర్లు సాగుతుంది. కుడి పాదం యాక్సిలరేటరును విడిచి బ్రేకును చేరడానికి సెకనులో అయిదవ వంతు పట్టినదనుకొంటే, ఆలోగా కారు 4 మీటర్లు ముందుకు పోతుంది. ఎడమ పాదం ముందే సిద్ధంగా ఉంటే ఈ దూరం మిగులుతుంది. పందెపు కార్ల చోదకులు, ర్యాలీలలో పాల్గొనేవారు ఈ పద్ధతిని అనుసరిస్తున్నారు. ‘గో-కార్ట్’ అనే చిన్న పందెపు బండిలో బ్రేకు ఎడమ పాదానికే అమర్చి ఉంటుంది. అయితే వారు దీర్ఘకాలం సాధన చేసి ఎడమ పాదాన్ని అందుకు మలచుకొన్నవారు. పైగా పందెపు బాటలో పాదచారులు ఉండరు.

కుడి పాదమే ఎందుకు?

మొదటి కారణం సులభమైనది. ఒకే పాదం ఒకే సమయంలో రెండు పెడళ్ళపై ఉండలేదు. బ్రేకు మీదికి రావాలంటే అది యాక్సిలరేటరును విడవక తప్పదు. రెండు పాదాలు రెండు పెడళ్ళపై ఉన్నప్పుడు, ఉలికిపాటులో శరీరం బిగుసుకొని రెండింటినీ ఒక్కసారే నొక్కవచ్చు.

రెండవ కారణం అలవాటు. క్లచ్చి కారు నడిపినవారి ఎడమ పాదం పెడలును చివరిదాకా తొక్కడం నేర్చినది. బ్రేకును కొద్దికొద్దిగా అదిమే నేర్పు దానికి లేదు. అందువల్ల కారు ఒక్క కుదుపుతో నిలిచిపోయి, వెనుకనుండి వచ్చే వాహనానికి అడ్డు కావచ్చు.

మూడవది, బ్రేకుపై ఊరక ఆనించిన పాదం కూడ హాని చేస్తుంది. వెనుక ఎర్ర దీపాలు వెలుగుతూనే ఉంటాయి. కారు నిజంగా ఎప్పుడు ఆగుతుందో వెనుకవారికి తెలియదు. రాపిడికి వేడెక్కిన బ్రేకులు, ముఖ్యంగా కొండదారులలో, పట్టు కోల్పోతాయి.

కుడి పాదం పొరపాటు

ఇంతమాత్రాన కుడి పాదం పొరపాటు చేయదని కాదు. 1980ల మధ్యలో అమెరికాలో కొన్ని ఆటోమేటిక్ కార్లు తమంత తామే దూసుకుపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. వాటిని పరిశీలించి 1989లో వెలువరించిన ప్రభుత్వ నివేదిక, అధిక సందర్భాలలో బ్రేకుకు బదులు యాక్సిలరేటరును నొక్కడమే కారణమని తేల్చింది. బ్రేకు నొక్కితే తప్ప గేరు ‘పార్కు’ నుండి కదలని ఏర్పాటు ఆ తరువాతనే వ్యాప్తిలోకి వచ్చింది. 2019 ఏప్రిల్‌లో జపాన్ రాజధాని టోక్యోలో 87 ఏళ్ళ వృద్ధుడు నడుపుతున్న కారు దూసుకుపోగా, ఒక తల్లి, ఆమె మూడేళ్ళ కుమార్తె మరణించారు. ఆయన బ్రేకు అనుకొని యాక్సిలరేటరును నొక్కినట్లు 2021లో న్యాయస్థానం నిర్ధారించింది.

ఈ పొరపాటులోని భయంకరమైన అంశం ఒకటున్నది. బ్రేకు నొక్కుతున్నానని నమ్మిన మనిషి, కారు ఆగకపోతే మరింత గట్టిగా నొక్కుతాడు. కనుక జాగ్రత్త ముందే తీసుకోవాలి. కుడి మడమను బ్రేకుకు ఎదురుగా నేలపై ఆనించి, యాక్సిలరేటరు కోసం మునివేళ్ళను మాత్రమే ప్రక్కకు త్రిప్పడం మంచి అలవాటు. వెనుకకు తిరిగి చూస్తూ కారును నడిపేటప్పుడు నడుముతో పాటు పాదం కూడ జరుగుతుంది. అప్పుడు మరింత మెలకువ అవసరం. కారు అనుకోకుండా దూకితే పాదాన్ని పూర్తిగా పైకెత్తి, తిరిగి బ్రేకుపై ఉంచాలి. ఎడమ పాదాన్ని దాని ప్రక్కనున్న మెట్టుపైనే ఉంచాలి. పాదం ఎత్తగానే వేగం తగ్గే విద్యుత్ కార్లలో బ్రేకు అవసరం అరుదుగా కలుగుతుంది. అందుచేత దాని తావును పాదం మరచిపోకుండా చూచుకోవాలి.

కుడి కాలు లేనివారికి, అది పనిచేయనివారికి ఈ నియమం వర్తించదు. వారికోసం యాక్సిలరేటరును ఎడమవైపుకు మార్చడం, చేతి మీటలు అమర్చడం సాధ్యమే. అటువంటి వాహనాలను మన మోటారు వాహనాల చట్టం గుర్తిస్తున్నది. అక్కడ కూడ సూత్రం ఒకటే: ఏ అవయవం బ్రేకు వేస్తుందో ముందే నిర్ణయించుకొని, దానికే శిక్షణ ఇవ్వాలి.

మిగిలినవారికి ఆ అవయవం కుడి పాదమే. క్లచ్చి కారు నుండి ఆటోమేటిక్ కారుకు మారేవారు రద్దీ వీధిలోకి పోకముందు, ఖాళీ మైదానంలో కొంతకాలం ఈ సాధన చేయడం శ్రేయస్కరం. ఎదుట రోడ్డు దాటుతున్న పసివాని ప్రాణం ఆ సాధన మీద ఆధారపడి ఉండవచ్చు.