కళాకారుని విజయానికి కొలమానమేది?

సరిహద్దు గ్రామమైన ఆరంబాక్కం నుండి తడ మీదుగా సాగితే శ్రీకాళహస్తి చేరవచ్చును. కళలో విజయమంటే ఏమిటో అచ్చటి కలంకారీ చిత్రకారుల పనిని చూస్తే బోధపడుతుంది.

కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెట్టిన వస్త్రంపై వెదురు కలంతో గీతలు గీస్తారు. బెల్లం, ఇనుము ఊరబెట్టిన నీరే నల్లరంగు. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూస్తారు. గీత తప్పితే చెరపడం దుస్సాధ్యం. ఎరుపు పండినదీ లేనిదీ వస్త్రాన్ని రంగునీటిలో ఉడికించి ఉతికితేగాని తెలియదు. కనుక అభ్యాసకుని తొలి లక్ష్యం కీర్తి కాదు. వణకని గీత, వెలవని రంగు.

రెండవ లక్ష్యం జీవనోపాధి. క్షీణదశలో ఉన్న ఈ విద్యకు కమలాదేవి చట్టోపాధ్యాయ కృషి ఫలితంగా 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడింది. అయితే నేడు కలంకారీ పేరిట చవకైన అచ్చు వస్త్రాలు అంగళ్లలో పోటీకి నిలుస్తున్నాయి. అమ్మకమే గెలుపనుకుంటే కలం పట్టే చేయి ఓడిపోక తప్పదు.

మూడవది విద్యాదానం. 2008లో పద్మశ్రీ పొందిన జొన్నలగడ్డ గురప్ప చెట్టి తాను నేర్చిన విద్యను ఇతరులకూ నేర్పారు. పురస్కారం ఒక్కరికే దక్కుతుంది. నేర్పిన విద్య మాత్రం మరో తరం చేతిలో నిలుస్తుంది.